కామిక్స్ మొదలెట్టాలంటే ఏది తీసుకోవాలి? హీరోని చూసి కాదు, గీసిన మనిషిని చూసి

"కామిక్స్ చదవడం మొదలెడదాం అనుకుంటున్నా, ఏది కొనమంటావ్?" అని ఎవరైనా అడిగితే నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తా, నీకు హీరో కావాలా మనిషి కావాలా అని. వీడికేదో తిక్క అన్నట్టు చూస్తారు గానీ దీనికి సమాధానం దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే, ఎందుకంటే కామిక్స్‌లో రెండు రకాల పుస్తకాలున్నాయి, ఒకటి కంపెనీ సొంతమైన హీరో మీద పదుల మంది తలా కొన్నాళ్ళు పనిచేసి వెళ్ళిపోయినవి, రెండోది ఒక మనిషో ఇద్దరో మొదటి గీత నుంచి చివరి గీత దాకా తామే మోసినవి. రెండూ బాగుంటాయి, కానీ రెండింటిలో దొరికేది ఒకటి కాదు.

సూపర్‌మేన్ సంగతి చూడండి. 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో వచ్చాడు, రాసింది జెర్రీ సీగెల్, గీసింది జో షుస్టర్, ఇద్దరూ క్లీవ్‌లాండ్‌లో ఒకే హైస్కూల్లో చదివిన స్నేహితులు, పాతికేళ్ళు కూడా నిండలేదు. హక్కులన్నీ కలిపి 130 డాలర్లకి అచ్చేసే కంపెనీకి రాసిచ్చేశారు. ఆ సంచిక వెల అప్పట్లో 10 సెంట్లు, 2024లో దాని కాపీ ఒకటి వేలంలో 60 లక్షల డాలర్లకి పోయింది. ఈ మధ్యలో ఆ ఇద్దరూ కోర్టుల చుట్టూ తిరిగారు, ఓడారు, పుస్తకం మీద నుంచి పేర్లే లేచిపోయాయి, చివరికి 1975లో పెద్ద సినిమా రాబోతోందని తెలిసి సీగెల్ పత్రికలకెక్కితే అప్పుడు కంపెనీ దిగొచ్చి మనిషికి ఏడాదికి 20 వేల డాలర్ల చొప్పున ఇవ్వడానికీ పేర్లు మళ్ళీ వేయడానికీ ఒప్పుకుంది. అప్పటికి షుస్టర్‌కి చూపు దాదాపు పోయింది. ఇదంతా తెలిసాక ఆ మొదటి కథలు తిరగేస్తే ఇంకోలా కనిపిస్తాయి, ఆ సూపర్‌మేన్ గ్రహాంతరవాసులతో కొట్టుకోడు, పెళ్ళాన్ని కొట్టే మొగుడిని, కూలీల ప్రాణాలంటే లెక్కలేని గని ఓనర్‌ని పట్టుకుని బుద్ధి చెప్తాడు. మహామాంద్యం రోజుల్లో ఇద్దరు పేద కుర్రాళ్ళకి ఎవరి మీద కోపముందో అదంతా ఆ పేజీల్లో ఉంది. కామిక్స్‌కి సాంస్కృతిక విలువేంటి అని అడిగేవాళ్ళకి నేను చూపించేది ఇలాంటి పేజీలే, వేలంలో వచ్చిన అంకె కాదు.

సరే, ఒక్కో దారీ చూద్దాం.

అమెరికన్ సూపర్‌హీరోలు

ఇక్కడ అందరూ చేసే తప్పు హీరో పేరు పట్టుకుని మొదటి నంబర్ నుంచి కొనడం. దశాబ్దాల పాటు నెలనెలా వచ్చినవి అవి, మొదటి నుంచి చివరిదాకా చదవాలనుకోవడం సముద్రాన్ని చెంబుతో తోడినట్టే. హీరోని వదిలేసి ఒక జట్టుని పట్టుకోండి. స్టాన్ లీ, జాక్ కిర్బీ 1961లో మొదలెట్టిన ఫెంటాస్టిక్ ఫోర్ వంద పైచిలుకు సంచికలు, లేదా స్టీవ్ డిట్కో గీసిన స్పైడర్‌మేన్, 1962లో మొదటి కథ, తర్వాత 38 సంచికలు, అంతే, డిట్కో వెళ్ళిపోయాడు. డిట్కో గీసిన పీటర్ పార్కర్ బక్కపలచగా, భుజాలు వంగిపోయి, క్లాసులో ఎవరికీ పట్టని కుర్రాడిలా ఉంటాడు, తర్వాతి ఆర్టిస్ట్ వచ్చేసరికి అందగాడైపోయాడు, పేరు అదే, మనిషి మాత్రం మారిపోయాడు.

ఎవరు సృష్టించారు అన్న గొడవ ఇక్కడ ఎప్పటికీ తెగదు, దానికి పని పద్ధతే కారణం. ఈ పుస్తకాలేసిన మార్వెల్ కంపెనీలో అప్పట్లో లీ కథ టూకీగా చెప్తే (ఒక్కోసారి అది కూడా లేకుండా) ఆర్టిస్ట్ వెళ్ళి ఇరవై పేజీలు గీసుకొచ్చేవాడు, ఏ సీన్ ఎక్కడ, ఎవరు ఎవరిని ఎప్పుడు కొడతారు అన్నీ ఆర్టిస్టే తేల్చేవాడు, ఆ తర్వాత లీ కూర్చుని బెలూన్లలో డైలాగులు నింపేవాడు. ఇందులో రచయిత ఎవరు? జనానికి లీ మొహమే గుర్తు, సినిమాల్లో కనబడ్డాడు కాబట్టి. కిర్బీ మాత్రం 1980ల్లో తను గీసిన ఒరిజినల్ పేజీలు తనకి తిరిగివ్వమని కంపెనీతో పోట్లాడాల్సొచ్చింది, 1994లో పోయాడు, కుటుంబంతో రాజీ కుదిరింది 2014లో. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగకముందే, 1941 మార్చి తేదీతో వచ్చిన మొదటి సంచికకి, కెప్టెన్ అమెరికా హిట్లర్ దవడ పగలగొడుతున్నట్టు అట్ట గీసిన జట్టులో ఒకడు ఇతనే, రెండోవాడు జో సైమన్, ఇద్దరూ యూదుల పిల్లలు, ఆ గుద్దు ఊరికే గీసింది కాదు.

నేను ఏకపక్షంగా లీని తిట్టట్లేదు, ఆయన డైలాగుల్లో ఉన్న చలాకీతనం, పాఠకుడి భుజం మీద చెయ్యేసి మాట్లాడే ధోరణి లేకపోతే ఆ పుస్తకాలు అంత నడిచేవా అంటే అనుమానమే. కానీ పేజీ మీద కంటికి కనిపించే ప్రతిదీ ఇంకొకరి చెయ్యి.

ఇంకో మాట, అమెరికాలో కామిక్స్ అంటే సూపర్‌హీరోలే అన్నట్టు తయారవ్వడం సహజంగా జరిగింది కాదు. 1954లో కామిక్స్ చదివి పిల్లలు చెడిపోతున్నారని ఒక సైకియాట్రిస్ట్ పుస్తకం రాయడం, సెనేట్ కమిటీ విచారణ పెట్టడం, భయపడిన పబ్లిషర్లు తమకి తామే కామిక్స్ కోడ్ అని ఒక సెన్సార్ పెట్టుకోవడం, దాంతో హారర్, క్రైమ్ పుస్తకాలు తుడిచిపెట్టుకుపోయాయి. పెద్దవాళ్ళు చదివే రకాలు పోయి తర్వాతి ఏళ్ళలో చొక్కా మీద లోగో ఉన్నవాళ్ళదే రాజ్యం అయింది. ఆ కోడ్ పూర్తిగా పోవడానికి 2011 దాకా పట్టింది.

సూపర్‌హీరో కథే కావాలి కానీ ఒక్క పుస్తకంలో అయిపోవాలి అంటే 1986, 87ల్లో 12 సంచికలుగా వచ్చిన వాచ్‌మెన్, అలన్ మూర్ రాశాడు, డేవ్ గిబ్బన్స్ గీశాడు. దీని కాంట్రాక్ట్ కథ దీనికన్నా చేదు, పుస్తకం ప్రింట్‌లో లేకుండా పోతే హక్కులు వీళ్ళకి తిరిగి రావాలని రాసుకున్నారు, అప్పటిదాకా కామిక్స్ ఏవీ అంతకాలం ప్రింట్‌లో ఉండేవి కావు కాబట్టి ఏడాదో రెండేళ్ళో అనుకున్నారు, ఆ పుస్తకం అమ్ముడుపోతూనే ఉంది, ప్రింట్ ఆగలేదు, హక్కులు రాలేదు. బాగా రాసినందుకే పోగొట్టుకున్నారన్నమాట. మూర్ సినిమాలో తన పేరు కూడా వద్దన్నాడు, డబ్బూ వద్దన్నాడు. 1992లో ఏడుగురు పేరున్న ఆర్టిస్టులు మార్వెల్ వదిలేసి ఇమేజ్ కామిక్స్ పెట్టి, ఎవరు గీస్తే వాళ్ళదే హక్కు అన్నారంటే ముందు జరిగిన ఇలాంటివన్నీ చూసే.

మాంగా

మాంగా అంటే జపాన్ కామిక్స్, ఇక్కడ లెక్క వేరు. జపాన్‌లో మామూలుగా హక్కు గీసినవాళ్ళ దగ్గరే ఉంటుంది, పబ్లిషర్‌కి అచ్చు వేసుకునే అనుమతి మాత్రమే, పేజీలకి సహాయకులు పనిచేసినా కథ ఒకరిదే, ఆ ఒకరు ఆపేస్తే కథ ఆగిపోతుంది. కాబట్టి "మనిషి కావాలి" అన్నవాళ్ళకి మాంగా సుఖం. చిక్కల్లా ఆ మనిషి ఒళ్ళు హూనమైపోవడం, చాలా పత్రికల్లో వారానికో అధ్యాయం, ఏళ్ళ తరబడి. బెర్సెర్క్ గీసిన కెంటారో మియురా 2021లో 54 ఏళ్ళకే పోయాడు, 2022 నుంచి ఆయన స్నేహితుడు కోజీ మోరి, తనకి మియురా చెప్పిన కథ ఎంత గుర్తుంటే అంతే చెప్తానని, సొంతంగా కలపనని మాటిచ్చి, మియురా స్టూడియో వాళ్ళ చేత కొనసాగిస్తున్నాడు. వారసత్వం మోయడం అంటే ఇలా కూడా ఉంటుంది.

మొదలెట్టడానికి ఒసాము తెజుకా. డాక్టర్ చదువు చదువుతూనే బొమ్మల్లోకి వచ్చినవాడు, 1952లో ఆస్ట్రో బాయ్ మొదలెట్టాడు, 1989లో పోయేసరికి గీసిన పేజీలు దాదాపు లక్షన్నర అంటారు. ఒక్కసారి ఆ అంకె మళ్ళీ చదవండి. సినిమా కెమెరా కదిలినట్టు పేనెల్స్ (పేజీలో ఒక్కో బొమ్మ గడి) పేర్చడం, ఒక్క క్షణాన్ని మూడు పేజీలు సాగదీయడం, అలాంటివి జపాన్‌లో నాటుకుపోవడంలో ఈయనదే పెద్ద చెయ్యి. అన్నీ చదవలేరు, అక్కర్లేదు, బుద్ధుడి జీవితం మీద గీసింది తీసుకోండి, భక్తి పుస్తకం అనుకుంటారేమో, కాదు, మధ్యమధ్యలో జోకులు, కల్పిత పాత్రలు, చాలా రక్తం.

యుద్ధం గురించి చదవాలంటే కెయిజి నకజావా బేర్‌ఫుట్ జెన్. హిరోషిమా మీద బాంబు పడినప్పుడు ఆయనకి ఆరేళ్ళు, స్కూల్ గోడ అడ్డం ఉండటం వల్ల బతికాడు, తండ్రి, అక్క, తమ్ముడు పోయారు. 1973లో మొదలెట్టాడు, అది కూడా పిల్లల వారపత్రికలో, తర్వాత వేరే పత్రికల్లో సాగి మొత్తం 10 వాల్యూములైంది. గీత మరీ గొప్పది కాదని మొహమాటం లేకుండా చెప్తా, మొహాలు అతిగా అరుస్తుంటాయి, కానీ చూసినవాడు గీశాడు అన్న బరువు ముందు అదేం గుర్తుండదు. షిగెరు మిజుకీ అయితే యుద్ధంలో ఎడమ చెయ్యి పోగొట్టుకొచ్చి ఉన్న చేత్తో జీవితాంతం దయ్యాల కథలు, యుద్ధం కథలు గీశాడు.

కుడి నుంచి ఎడమకి చదవాలని భయపడకండి, పది పేజీల్లో అలవాటైపోతుంది. పాత ఇంగ్లీష్ ఎడిషన్లు కొన్ని పేజీని అద్దంలో చూసినట్టు తిప్పేసి అచ్చేసేవి, అందులో కుడిచేతివాళ్ళంతా ఎడమచేతివాళ్ళైపోతారు, అవి దొరికినా వద్దు. కొత్తవాళ్ళు 40, 50 వాల్యూముల సిరీస్ జోలికి వెళ్ళకపోవడం కూడా మంచిది, పదిలోపు ముగిసేవి చూసుకోండి.

టిన్‌టిన్, ఆస్టెరిక్స్

ఫ్రాన్స్, బెల్జియంలో కామిక్స్‌ని తొమ్మిదో కళ అంటారు, సరదాకి కాదు, బ్రసెల్స్‌లో విక్టర్ ఓర్టా కట్టిన భవనంలో 1989 నుంచి కామిక్స్ మ్యూజియం ఉంది, ఫ్రాన్స్‌లోని అంగులెమ్‌లో 1974లోనే కామిక్స్ పండగ మొదలైంది. ఇక్కడి పుస్తకం పెద్ద సైజు, గట్టి అట్ట, యాభై అరవై పేజీల్లో కథ సుఖంగా ముగిసిపోతుంది. పిల్లలతో కలిసి చదవాలంటే నా ఓటు దీనికే.

టిన్‌టిన్, ఆస్టెరిక్స్‌ల మధ్య ఏది అని అడిగితే నేను కాసేపు తడబడతా. టిన్‌టిన్ 1929లో మొదలైంది, హెర్జే అనే ఒక్కడి లోకం, కింద స్టూడియో ఉన్నా పెత్తనమంతా ఆయనదే. నేను పోయాక ఎవరూ గీయొద్దన్నాడు, 1983లో పోయాడు, 24వ కథ స్కెచ్‌ల దశలోనే ఆగిపోయింది, అలాగే అచ్చేశారు. ఆస్టెరిక్స్ 1959లో గొసినీ రాత, ఉడెర్జో గీత, 1977లో గొసినీ హఠాత్తుగా పోయినప్పుడు వాళ్ళ 24వ ఆల్బమ్ మధ్యలో ఉంది (ఇద్దరికీ 24 రావడం కాకతాళీయమే), రాసిన ఆయన పోయిన దగ్గర్నుంచి ఆ పుస్తకంలో ఆకాశం మబ్బేసి వాన పడుతూ ఉంటుంది, ఉడెర్జో నివాళి అది. తర్వాత ఉడెర్జో ఒక్కడే రాసి గీశాడు, 2013 నుంచి కొత్తవాళ్ళ చేతికిచ్చాడు, ఇప్పటికీ వస్తున్నాయి.

ఏది సరైంది? హెర్జే ఆపేయడం వల్ల టిన్‌టిన్ చెడిపోలేదు కానీ అక్కడే గడ్డకట్టింది, ఆస్టెరిక్స్ బతికే ఉంది కానీ గొసినీ లేని పుస్తకాల్లో ఆ మాటల విరుపు, ఆ ఎత్తిపొడుపు పలచబడిపోయింది. నేనైతే ఆస్టెరిక్స్ మొదటి 24 చదివి ఆగండి అంటా. టిన్‌టిన్‌ని మాత్రం మొదటి నుంచి మొదలెట్టకండి, రెండోదైన కాంగో కథలో ఆఫ్రికా వాళ్ళని చూపించిన తీరు సిగ్గుచేటు, వలస పాలకుల గొప్పలన్నీ అందులో ఉన్నాయి. ఆ తర్వాత కొన్నేళ్ళకి చైనా కథ గీసేటప్పుడు జాంగ్ చోంగ్‌రెన్ అనే చైనా విద్యార్థి పరిచయమై, తెలియని దేశం గురించి గాల్లోంచి గీయకూడదని నేర్పాడు, ఆ కథ ద బ్లూ లోటస్, అక్కడ మొదలెట్టండి. కాంగో కథ తర్వాత ఎప్పుడైనా, పెద్దయ్యాక, ఒక మనిషి ఎక్కడ నుంచి ఎక్కడికి వచ్చాడో చూడ్డానికి చదవొచ్చు. దాచేయమని నేను అనను.

కామిక్స్ అంటే పెదవి విరిచేవాళ్ళకి

ఇంట్లో ఒకరుంటారు, "ఇంకా బొమ్మల పుస్తకాలేంటి" అనేవాళ్ళు. వాళ్ళతో వాదన పెట్టుకోకుండా మౌస్ అనే పుస్తకం చేతిలో పెట్టండి. ఆర్ట్ స్పీగెల్‌మన్ వాళ్ళ నాన్న ఆష్‌విట్జ్ అనే నాజీల మరణ శిబిరం నుంచి బతికి బయటపడ్డాడు, ఆ నాన్నతో కూర్చుని అడిగి తెలుసుకున్నదంతా, యూదుల్ని ఎలుకలుగా నాజీలని పిల్లులుగా గీశాడు. 1992లో పులిట్జర్ వాళ్ళు ఏ కేటగిరీలో పెట్టాలో తెలియక ప్రత్యేక బహుమతి ఇచ్చారు. నాకు అందులో క్యాంపుల కన్నా నాన్న పిసినారితనం, రెండో భార్యతో సణుగుడు, కొడుకు విసుగు, అవి ఎక్కువ గుర్తుండిపోయాయి, బాధపడినవాడు దేవుడైపోడు అని కొడుకు చూపించిన ధైర్యం. 2022లో అమెరికాలో టెనెస్సీ రాష్ట్రంలో ఒక స్కూల్ బోర్డు దీన్ని పాఠాల్లోంచి తీసేసింది, దాంతో అమ్మకాలు ఎగబాకాయి, నిషేధించినవాళ్ళకి ఈ సంగతి ఎప్పటికి అర్థమవుతుందో.

అది మరీ బరువు అనుకుంటే మర్జాన్ సత్రపి పెర్సెపోలిస్, ఇరాన్‌లో విప్లవం రోజుల్లో పెరిగిన పిల్ల కథ, నలుపు తెలుపు తప్ప మధ్యలో రంగు లేదు, నవ్వొస్తూనే గొంతు పట్టేస్తుంది. ఈ దారి మొత్తానికి పాత పెద్దమనిషి విల్ ఐస్నర్, 1940లోనే తన పాత్ర మీద హక్కు తన దగ్గరే ఉంచుకున్న తెలివైనవాడు, ముప్ఫై ఎనిమిదేళ్ళ తర్వాత, 1978లో, పేదల అద్దె ఇళ్ళ కథలతో ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్ వేశాడు.

టైమ్ లేనివాళ్ళకి పీనట్స్, రోజూ పేపర్లో కొన్ని పేనెల్స్‌లో వచ్చే స్ట్రిప్. చార్లెస్ షుల్జ్ 1950 నుంచి 2000 దాకా 17,897 స్ట్రిప్పులు, గీత, రాత, అక్షరాలు అన్నీ ఒక్కడే, చివరి ఆదివారం స్ట్రిప్ పేపర్లో వచ్చే ముందు రాత్రి పోయాడు. బొమ్మలు, చొక్కాలు, యాడ్లు అన్నిటికీ ఒప్పుకున్నాడు కానీ ఇంకొకరు గీయడానికి ఒప్పుకోలేదు. కెల్విన్ అండ్ హాబ్స్ గీసిన బిల్ వాటర్సన్ దీనికి ఇంకో కొస, పదేళ్ళు గీసి 1995లో ఆపేశాడు, ఒక్క ఆటబొమ్మ కూడా అమ్మనివ్వలేదు. రోజుకి నాలుగు పేనెల్స్ చాలంటే ఈ రెంటిలో ఏదైనా, నేనైతే దిగులుగా ఉన్నప్పుడు మొదటిది, ఉషారుగా ఉన్నప్పుడు రెండోది తీస్తా.

ఏ ఎడిషన్?

చెప్పుదెబ్బ తిని నేర్చుకున్నది చెప్తా. మొదట్లో ఆశకొద్దీ వెయ్యి పేజీల ఆమ్నిబస్ (ఎన్నో సంచికలు కలిపి కుట్టిన లావు సంకలనం) ఒకటి కొన్నా, పడుకుని చదువుదామంటే గుండె మీద రోలు పెట్టినట్టుంది, పైగా రెండు పేజీలకి కలిపి గీసిన పెద్ద బొమ్మ నడిమధ్య భాగం బైండింగ్ మింగేసింది. అల్మారాకి అందం, చేతులకి శిక్ష. పేపర్‌బ్యాక్ సంకలనాలే హాయి.

రంగుల సంగతి కూడా చూసుకోండి. పాత కామిక్స్ చవక న్యూస్‌ప్రింట్ మీద చుక్కచుక్కలుగా నాలుగు సిరాలతో అచ్చయ్యేవి, ఆ కాగితం రంగుల్ని పీల్చుకుని మెత్తబరుస్తుందని లెక్కేసుకునే రంగులు ఎంచేవాళ్ళు, అవే రంగుల్ని తెల్లటి నిగనిగలాడే కాగితం మీద వేస్తే కళ్ళు మండుతాయి. కంప్యూటర్లో కొత్తగా రంగులేసిన రీప్రింట్లైతే మరీ, సిరా గీతలే కనపడవు. మెరవని కాగితం మీద వేసింది, లేదా నలుపు తెలుపులో ఒరిజినల్ గీత చూపించేది దొరికితే అదే. ఫోన్‌లో చదవడం వద్దు, పేనెల్ తర్వాత పేనెల్ జూమ్ చేస్తుంటే పేజీ అనే ఆలోచనే చచ్చిపోతుంది, ట్యాబ్లెట్ అయితే పర్లేదు.

పుస్తకం ఎంత బాగా ఉందో గ్రేడ్ వేసి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి అమ్మేవి ఉంటాయి, విప్పితే విలువ పోతుంది, అంటే చదవడానికి వీల్లేని పుస్తకం. వాటి గురించి నాకు ఇంతకన్నా చెప్పాలని లేదు.

మొత్తంగా ఐదే పుస్తకాలకి చోటు ఉందంటే నా లిస్ట్ ఇదీ, మౌస్, టిన్‌టిన్ బ్లూ లోటస్, తెజుకా బుద్ధ మొదటి వాల్యూమ్, డిట్కో స్పైడర్‌మేన్ సంకలనం ఒకటి, పీనట్స్ 1960ల నాటి వాల్యూమ్ ఒకటి. వాచ్‌మెన్ లేదేంటి అంటారు, పది సూపర్‌హీరో కథలు చదివాక చదివితేనే అదేం వెక్కిరిస్తోందో తెలుస్తుంది, అందుకని ఆరోది.

ఇవన్నీ కాదు నాకు బ్యాట్‌మేనే కావాలి అనేవాళ్ళుంటారు, తీసుకోండి, కానీ ముందు పేరు పేజీ తిప్పి చూడండి. 1939లో బాబ్ కేన్ తెచ్చిన మొదటి స్కెచ్‌లో ఎర్ర డ్రెస్సు, బిగుసుకున్న రెక్కలు, కళ్ళకి చిన్న ముసుగు ఉండేవి, దాన్ని మనకి తెలిసిన బ్యాట్‌మేన్‌గా మార్చింది, తల మొత్తం కప్పే చెవుల ముసుగు, వేలాడే కేప్, బూడిద రంగు సూచించింది, ఎన్నో కథలు రాసింది బిల్ ఫింగర్, కాంట్రాక్ట్ మాత్రం కేన్ ఒక్కడి పేరు మీదే. ఫింగర్ 1974లో డబ్బూ పేరూ రెండూ లేకుండా పోయాడు. 2015 చివర్లో గానీ కేన్ పేరు పక్కన ఫింగర్ పేరు వేయడం మొదలవ్వలేదు, కాబట్టి అదే కథ పాత ఎడిషన్ ఒకటి, కొత్త ఎడిషన్ ఒకటి పక్కపక్కన కనబడితే, పాతది కాస్త చవకైనా, ఆ రెండో పేరున్నది తెచ్చుకోండి.